నారకూ ప్లాస్టిక్‌కూ పొత్తు కుదిరిన కథ

నారలో బలాన్ని ఏ శాస్త్రవేత్తా కొత్తగా పుట్టించలేదు. జనపనార తాడు ఓడల్ని రేవులో కట్టి ఉంచింది. కిత్తనార పగ్గం ఎద్దును నిలబెట్టింది. గోగునారతో పేనిన నులక మంచాలు తరాల బరువు మోశాయి. పూలమాల కట్టడానికి అరటి నారను ఇప్పటికీ నీళ్లలో తడిపి వాడుతూనే ఉన్నాం. ఆ నారనే తీసి కరిగిన ప్లాస్టిక్‌లో కలిపి అచ్చు పోసినప్పుడు మాత్రం చిక్కు వచ్చింది. బయటికి ముక్క గట్టిగానే కనిపిస్తుంది, వంచితే మాత్రం పుటుక్కున విరుగుతుంది. విరిగిన చోటును మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే నార తెగి ఉండదు. ఒరలోంచి కత్తి వచ్చినంత నున్నగా ఊడి వచ్చేసి ఉంటుంది. అది కూర్చున్న చోట ఖాళీ బొరియ మిగులుతుంది. అంటే బరువు నార దాకా చేరనే లేదు. నార ఎంత గట్టిదైనా, ప్లాస్టిక్ దాన్ని పట్టుకోలేకపోతే ఆ గట్టిదనం ఎందుకూ కొరగాదు.

కారణం రెండింటి స్వభావంలోనే ఉంది. నారలో ముఖ్య పదార్థం సెల్యులోజ్. దాని అణువుల పొడవునా హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. అవి నీటిని ఇట్టే పట్టేస్తాయి, అందుకే వానాకాలంలో గోనెసంచి బరువెక్కుతుంది. బకెట్లూ కుర్చీలూ చేసే పాలిథిన్, పాలీప్రొపిలీన్ దీనికి పూర్తిగా విరుద్ధం. వాటి అణువుల్లో ఉన్నది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే, నీళ్లంటే వాటికి గిట్టదు. పైగా చెట్టు నుంచి వచ్చిన నార ఒట్టి సెల్యులోజ్ కూడా కాదు. దాని మీద మైనం, పెక్టిన్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్ పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి. మొక్కకు అవి రక్షణే, ప్లాస్టిక్‌కు మాత్రం అడ్డుగోడలు. ఆ అడ్డు ఎలా తొలగింది, పట్టు ఎలా చిక్కింది అన్నదే ఈ కథ. దీనికి ఒక్క ఆవిష్కర్త అంటూ లేడు. గుడ్డలకు రంగులద్దినవాడు, విమానం రెక్కలు అతికించినవాడు, నౌకాదళం కోసం గాజునారతో కుస్తీ పట్టినవాడు తలా ఒక చేయి వేశారు. వీళ్లలో చాలామంది ఒకరి పని ఒకరు ఎరగరు.

మొదటి చేయి జాన్ మెర్సర్‌ది. 1791లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, గ్రేట్ హార్‌వుడ్ ఊరి పక్కన ఒక చేనేత కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. బడి ముఖం చూడకుండా కండెలు చుట్టే పనిలో చేరాడు. చదవడం, లెక్కలు వేయడం పక్కనున్న అద్దకం కర్మాగారంలోని ఒక పనివాడి దగ్గర నేర్చుకున్నాడు. పదహారేళ్ల వయసులో ఒక పసిపిల్లవాడి గౌను మీద నారింజ రంగు చూసి, ఈ రంగు ఎలా వచ్చిందా అని అద్దకం మీద పడ్డాడు. పెళ్లి లైసెన్సు కోసం బ్లాక్‌బర్న్ పట్టణానికి వెళ్లినప్పుడు, పాత పుస్తకాల కొట్లో జేమ్స్ పార్కిన్సన్ రాసిన రసాయన శాస్త్రం చేతిపుస్తకం ఒకటి దొరికింది. వణుకుడు జబ్బును వర్ణించి, తర్వాత ఆ జబ్బుకే తన పేరు వచ్చిన వైద్యుడు ఈ పార్కిన్సనే. మెర్సర్ రసాయన శాస్త్రం నేర్చుకున్నది ఆ పుస్తకంతోనే. గురువు లేడు, పట్టా లేదు. తర్వాత రోజుల్లో రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది.

1844లో ఆయన కాస్టిక్ సోడా ద్రావణం మీద ఏదో పరీక్ష చేస్తున్నాడు. గాఢమైన ద్రావణాన్ని వడకట్టడానికి తెల్లటి నూలుగుడ్డను ఆరు మడతలు వేసి పెట్టాడు. ద్రావణం చాలా నెమ్మదిగా దిగింది. దిగిన ద్రావణం సాంద్రత కొలిస్తే పోసేటప్పుడు 1.300 ఉన్నది 1.265కు పడిపోయింది. సోడాలో కొంత దారిలోనే ఎక్కడో ఆగిపోయింది. అప్పుడు గుడ్డ వంక చూశాడు. అది నిలువునా అడ్డంగా ముడుచుకుపోయి, దళసరిగా మారి, సగం పారదర్శకంగా కనిపిస్తోంది. ఇంకొకరైతే గుడ్డ పాడైందని పారేసేవాళ్లు. ఆయన పారేయలేదు. దాన్ని కడిగి, లాగి చూసి, రంగులో ముంచి చూశాడు. మునుపటికన్నా గట్టిపడింది, రంగును ఎక్కువ పట్టింది. 1850లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఆ గుడ్డల్ని పెట్టాడు. నూలును ఇలా కాస్టిక్ సోడాలో నానబెట్టడానికి ఈనాటికీ ఆయన పేరుతోనే మెర్సరైజేషన్ అంటారు.

జరిగిందేమిటంటే, గాఢమైన కాస్టిక్ సోడా నూలుపోగు లోపలికి చొచ్చుకుపోయి, సెల్యులోజ్ గొలుసులను బిగించి ఉంచిన బంధాలను సడలిస్తుంది. పోగు ఉబ్బుతుంది. కడిగేశాక ఆ గొలుసులు మళ్లీ సర్దుకుంటాయి, కానీ పాత వరసలో కాదు, వేరే అమరికలో. ఇదంతా ఎక్స్‌రేలు వచ్చాక తెలిసిన సంగతి. మెర్సర్ దగ్గర ఉన్నవి కళ్లు, చేతివేళ్లు, ఒక త్రాసు మాత్రమే.

గుడ్డ ముడుచుకుపోవడమే దీనికి శాపమైంది. నాలుగో వంతు దాకా కురచయ్యే గుడ్డను ఏ మిల్లు యజమాని కోరుకుంటాడు? పేటెంటు చాలా ఏళ్లు మూలనపడింది. మెర్సర్ 1866లో చనిపోయాడు. 1890 ప్రాంతంలో హొరేస్ లో అనే మరో ఇంగ్లీషు రసాయనజ్ఞుడు ఒక చిన్న మార్పు చేశాడు. నూలును వదులుగా కాకుండా, ముడుచుకోకుండా లాగి పట్టి సోడాలో ముంచాడు. పొడవు తగ్గలేదు సరికదా, పట్టులాంటి మెరుపు వచ్చింది. ఆ మెరుపుతో పరిశ్రమ లేచి నిలబడింది. లాగి పట్టడం అన్న ఈ సంగతిని గుర్తుంచుకోండి, నూరేళ్ల తర్వాత వేరే దేశంలో మళ్లీ ఎదురవుతుంది.

ఇక ప్లాస్టిక్ వైపు. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేకలాండ్ 1907లో ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి బేకలైట్ చేశాడు. అది మొట్టమొదటి పూర్తి కృత్రిమ ప్లాస్టిక్. ఒట్టి బేకలైట్ పెళుసు. అందుకని అందులో మెత్తటి చెక్కపొడి కలిపి అచ్చుల్లో నొక్కేవారు. మన తాతల కాలం నాటి నల్లటి విద్యుత్ స్విచ్చులు, టెలిఫోన్ పెట్టెలు అలా వచ్చినవే. చెక్కపొడి కూడా సెల్యులోజ్, లిగ్నిన్‌ల పదార్థమే గనుక, ప్లాస్టిక్‌లో చెట్టు కలవడం ప్లాస్టిక్‌తో పాటే పుట్టిందని చెప్పాలి. అప్పుడు పట్టు సమస్య ఎందుకు రాలేదంటే, బేకలైట్ అనే ఈ ఫినాల్ రెజిన్‌లోనూ హైడ్రాక్సిల్ గుంపులు ఉన్నాయి, చెక్కలోనూ ఉన్నాయి. రెండూ ఒక స్వభావం గలవి కావడంతో పెద్దగా బతిమాలకుండానే కలిశాయి. ఈ సులువే తర్వాతివాళ్లను చాలాకాలం ఏమార్చిందని నాకనిపిస్తుంది. నారను ముందుగా సిద్ధం చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

ఫినాల్ రెజిన్‌లో నార కలిపే దారిలో అందరికంటే ముందుకు వెళ్లినవాడు నార్మన్ డి బ్రూయిన్. కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీ ఫెలో, విమానాలంటే ప్రాణం. కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లో ఏరో రీసెర్చ్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. విమానం ఒంటికి ప్లాస్టిక్ పనికొస్తుందా అని లెక్కలు వేసి, ఒట్టి ప్లాస్టిక్ పనికిరాదని, నార నింపితేనే నిలుస్తుందని తేల్చాడు. 1937లో రాయల్ ఏరోనాటికల్ సొసైటీలో ఈ విషయం మీద పత్రం చదివాడు. అవిసె నార దారాలను ఫినాల్ రెజిన్‌లో తడిపి, అన్నిటినీ ఒకే దిక్కుకు పేర్చి, వేడి మీద నొక్కి పలకలు చేశాడు. దాని పేరు గోర్డన్ ఏరోలైట్. నార దిక్కున లాగితే, బరువుతో సరిచూసినప్పుడు విమానాలకు వాడే అల్యూమినియం మిశ్రమలోహానికి దగ్గరగా నిలిచింది. యుద్ధం వచ్చి అల్యూమినియం దొరక్కపోతే ఏం చేయాలన్న భయంతో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నడుము భాగాన్ని దీంతో ప్రయోగంగా కట్టి కూడా చూశారు. అల్యూమినియం కొరత రాలేదు, అవిసె విమానం ఎగరలేదు. కానీ నారలన్నీ బరువు పడే దిక్కుకే పేర్చాలన్న ఆ పాఠం ఇవాళ్టి కార్బన్ ఫైబర్ విమానాల్లోనూ చెల్లుతోంది.

సరిగ్గా అప్పుడే గాజునార వచ్చి ఆటను మార్చేసింది. 1930లలో అమెరికాలో గాజును వెంట్రుకంత సన్నటి పోగులుగా తీయడం పెద్ద ఎత్తున మొదలైంది. గాజు పోగుకు వాన, ఎండ, తెగులు ఏమీ లెక్కలేదు. ఏ పోగు తీసినా ఒకే మందం. చెట్టు నారలో ఆ రెండూ ఉండవు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి పడవలు, రాడార్ గుమ్మటాలు గాజునార, పాలియెస్టర్ రెజిన్‌లతో తయారవడం మొదలైంది. చెట్టు నార పక్కకు జరిగింది. జర్మనీ తూర్పు భాగంలో ఉక్కు దొరక్క, సోవియట్ పత్తి వ్యర్థాలను ఫినాల్ రెజిన్‌లో కలిపి ట్రబాంట్ కారు ఒళ్లు చేసుకున్నారు. 1957 నుంచి 1991 దాకా 30 లక్షలకు పైగా తయారయ్యాయి. అవసరం కొద్దీ చేసిన పని అది, శాస్త్రం అక్కడ పెద్దగా ముందుకు కదల్లేదు.

శాస్త్రం కదిలింది గాజునార దగ్గర. విచిత్రమేమిటంటే, గాజుకూ ఇదే జబ్బు. గాజు పైపొర మీదా హైడ్రాక్సిల్ గుంపులే. నీళ్లు తగిలితే రెజిన్ నుంచి గాజు విడిపోయేది, పడవ అడుగు మెత్తబడేది. అమెరికా నౌకాదళం కోసం 1947లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ విట్, ఆయన సహచరులు గాజునారకు సిలేన్లు అనే సిలికాన్ రసాయనాలను రెండు రకాలు పూసి పోల్చారు. ఒకదాని కొస రెజిన్‌తో రసాయనికంగా ముడిపడగలదు, రెండోదాని కొస ముడిపడలేదు. ముడిపడగల సిలేన్ పూసిన ముక్క రెండోదానికంటే రెట్టింపు బలం చూపించింది. గాజు అదే, రెజిన్ అదే, తేడా అంతా మధ్యనున్న ఒక్క అణువు పొరలో. నారకూ ప్లాస్టిక్‌కూ మధ్య సరిహద్దును ఒక పదార్థంగా చూడటం అక్కడి నుంచి మొదలైంది. ఈ మొత్తం కథలో ఒక్క ప్రయోగాన్ని ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఈలోగా పాలిథిన్, పాలీప్రొపిలీన్ ఇళ్లలోకి వచ్చేశాయి. చవక, తేలిక, మళ్లీ కరిగించి వాడుకోవచ్చు. కానీ ఇవి బేకలైట్‌లా చెక్కతో కలిసే రకం కాదు. నార్మన్ గేలార్డ్ అనే అమెరికన్ రసాయనజ్ఞుడు 1972లో ఒక పేటెంటు తీసుకున్నాడు. సెల్యులోజ్ వంటి పదార్థాలకూ ఇలాంటి ప్లాస్టిక్‌లకూ మధ్య మెలేయిక్ అన్‌హైడ్రైడ్‌ను మధ్యవర్తిగా పెట్టడం అందులోని ఊహ. పాలీప్రొపిలీన్ గొలుసుకు మెలేయిక్ అన్‌హైడ్రైడ్ ముక్క తగిలిస్తే, ఆ ముక్క నారలోని హైడ్రాక్సిల్‌ను పట్టుకుంటుంది, గొలుసు వెళ్లి తన జాతి ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది. ఇది కేవలం అతుకుడా, నిజమైన రసాయన బంధమా అన్న ప్రశ్న చాలాకాలం నలిగింది. స్వీడన్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయంలో ఫెలిక్స్, గాటెన్‌హోమ్ 1991లో సెల్యులోజ్ నారల పైపొరను పరీక్షించి, అక్కడ ఎస్టర్ బంధాలు ఏర్పడ్డాయని చూపించాక ఆ చర్చ సద్దుమణిగింది. ఇవాళ మార్కెట్‌లో దొరికే చెక్క ప్లాస్టిక్ పలకల్లో చాలావాటిని పట్టి ఉంచుతున్నది ఇదే.

1973లో చమురు ధరలు మండిపోయాయి. చమురుతో తయారయ్యే ప్లాస్టిక్‌లో కొంత భాగమైనా పొలంలో పండేదాన్ని నింపితే మేలన్న ఆలోచన ప్రపంచమంతా రాజుకుంది. మన దేశంలో ఆ పనికి ఇల్లుగా నిలిచినది తిరువనంతపురంలోని ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాల. చుట్టూ కొబ్బరితోటలే గనుక కొబ్బరి పీచుతో మొదలుపెట్టి అరటి, కిత్తనార, అనాస ఆకు నారల దాకా ఒక్కొక్కదాన్నీ కోసి, కొలిచి, లోపలి నిర్మాణాన్ని పట్టికలకెక్కించారు. కొబ్బరి పీచు ఎందుకు సాగుతుంది, కిత్తనార ఎందుకు సాగదు అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. నార లోపలి సన్నటి సెల్యులోజ్ పోగులు నిలువుగా ఉంటే నార బిరుసుగా ఉంటుంది. మెలి తిరిగి ఏటవాలుగా ఉంటే స్ప్రింగులా సాగుతుంది. కొబ్బరి పీచులో ఆ వాలు ఎక్కువ, లిగ్నిన్ కూడా నలభై శాతానికి పైనే. అందుకే అది కాలికింద పట్టాకూ పరుపుకూ బాగుంటుంది, బరువు మోసే దూలానికి పనికిరాదు.

ఆ ప్రయోగశాలకు చెందిన పవిత్రన్, కొట్టాయంలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి చెందిన సాబు థామస్, వారితోపాటు కురువిల్లా జోసెఫ్ కలిసి 1996లో వెలువరించిన పని ఈ రంగంలో వాళ్లు ఇప్పటికీ తిరగేసేది. పొట్టిగా కోసిన కిత్తనారను పాలిథిన్‌లో కలుపుతూ, ముందుగా నారకు రకరకాల చికిత్సలు చేశారు. కాస్టిక్ సోడా, పొటాషియం పర్మాంగనేట్, పెరాక్సైడ్లు, వీటితోపాటు కార్డనాల్ నుంచి తయారు చేసిన ఒక ఐసోసయనేట్. కార్డనాల్ జీడిగింజ పెంకు నూనెలోది. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు ఒలిచేవాళ్ల చేతుల్ని కాల్చే నూనె అదే. దాని అణువుకు పదిహేను కార్బన్ల పొడవైన తోక ఉంటుంది. ఐసోసయనేట్ కొస నారను పట్టుకుంటే, ఆ తోక అచ్చం పాలిథిన్ గొలుసులా ప్రవర్తించి ప్లాస్టిక్ వైపు ఒదిగిపోతుంది. నారకు నీళ్ల మీద మోజు తగ్గింది, ముక్క బలం పెరిగింది. అన్ని చికిత్సలూ ఎంతో కొంత ఫలితమిచ్చాయి, పట్టు విషయంలో పెరాక్సైడ్ అన్నిటికన్నా మిన్నగా నిలిచింది. అయినా పలాస పెంకులూ పొలం గట్టు మీది కిత్తనారా పాలిథిన్‌లో కలుసుకున్న ఆ ఉపాయమే నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. వ్యర్థం అనుకున్న రెండూ ఒకదానికొకటి అక్కరకొచ్చాయి.

ఇన్ని మందులున్నా ప్రయోగశాలల్లో మొదట చేయి వెళ్లేది కాస్టిక్ సోడా మీదికే. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. పని చూడటానికి సులువుగానే ఉంటుంది. లీటరు నీళ్లలో యాభై గ్రాముల తెల్లటి పెచ్చులు వేస్తే గిన్నె చేతికి తెలిసేంతగా వెచ్చబడుతుంది. చల్లారాక నార ముంచుతారు. కాసేపటికి నీళ్లు పసుపు రంగుకు తిరిగి, గంటలు గడిచేకొద్దీ డికాషన్ రంగుకు వస్తాయి. కరిగిపోతున్న హెమీసెల్యులోజ్, పెక్టిన్, కొంత లిగ్నిన్‌ల రంగు అది. ఆ తర్వాత ఓపికగా కడగాలి. వేలికి జారుడు తగులుతున్నంత సేపూ సోడా ఇంకా ఉన్నట్టే. చివర నాలుగు చుక్కల ఎసిటిక్ ఆమ్లం వేసి, లిట్మస్ కాగితం రంగు మారడం ఆగేదాకా జాడించి ఆరబెడతారు. ఆరిన నారను పట్టుకుంటే గరుకుగా, పొడిగా, కాస్త తేలికగా ఉంటుంది. ఒక్కొక్క పోగునూ ఆకుపచ్చటి గీతల కాగితం మీద, మధ్యలో కిటికీలా కోసిన ఖాళీకి అడ్డంగా జిగురుతో అంటించి, ఆ కాగితాన్ని లాగే యంత్రం దవడల్లో బిగిస్తారు. కాగితం పక్కల్ని కత్తిరించాక బరువంతా ఆ ఒంటి పోగు మీదే పడుతుంది. తెగినప్పుడు చెవికి ఏమీ వినిపించదు, తెర మీద గీత మాత్రం నిట్టనిలువునా పడిపోతుంది.

దీన్ని కూడా మెర్సరైజేషన్ అనే రాస్తుంటారు గానీ, ఇక్కడ జరిగేది చాలావరకు వేరు. మెర్సర్ వాడిన గాఢత ఇరవై శాతం పైమాటే. అక్కడ సెల్యులోజ్ అమరికే మారుతుంది. నారకు మామూలుగా వాడే అయిదు శాతం దగ్గర సెల్యులోజ్ తన పాత అమరికలోనే ఉంటుంది. పోయేది దాని చుట్టూ ఉన్న జిగురు పదార్థం. కట్టగా ఉన్న నార సన్నటి పాయలుగా విడుతుంది, పైపొర గరుకెక్కుతుంది, రెజిన్‌కు పట్టు దొరికే చోట్లు పెరుగుతాయి. ఎక్కువసేపు ఉంచితే సోడా ఇక సెల్యులోజ్ మీదే పడి నారను తినేస్తుంది.

ఎంతసేపు అన్న ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు కోల్‌కతా నుంచి వచ్చింది. దీపా రాయ్, బి.కె. సర్కార్, ఎ.కె. రానా, ఎన్.ఆర్. బోస్ 2001లో జనపనారను అయిదు శాతం కాస్టిక్ సోడాలో రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది గంటలు నానబెట్టి వినైల్ ఎస్టర్ రెజిన్‌లో పెట్టారు. ఒంటి పోగును లాగి చూస్తే ఆరు, ఎనిమిది గంటలు నానినదే మేటి, బలం 46 శాతం పెరిగింది. ఎనిమిది గంటల నార బిరుసుతనం 79 శాతం పెరిగింది. అంటే ఎనిమిది గంటలే సరైన సమయం అనుకుంటాం. రెజిన్‌లో పెట్టి వంచి చూస్తే మాత్రం మంచి ఫలితం నాలుగు గంటల నారతో వచ్చింది. వంపు బలం 199 మెగాపాస్కల్స్ నుంచి సుమారు 239కి, అంటే 20 శాతం పెరిగింది. విరిగిన ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు సంగతి తెలిసింది. నాలుగు గంటల లోపు నారలు రెజిన్‌లోంచి ఊడి వస్తూ విరిగాయి. ఆరు గంటలు దాటాక పట్టు బిగిసిపోయి, పగులు నారను అడ్డంగా కోసుకుంటూ నేరుగా సాగిపోయింది. కాస్త జారుతూ ఊడివచ్చే నార పగులు శక్తిని తాగేస్తుంది, బొత్తిగా జారని నార దానికి దారి ఇచ్చేస్తుంది. ఇన్ని దశాబ్దాలు పట్టు కావాలి, ఇంకా కావాలి అని వెతికినవాళ్లకు పట్టు మితిమీరితే కూడా నష్టమేనని ఆ ఫొటోలు చూపించాయి. ఒంటి పోగు అంకెను మాత్రమే చూసి సంబరపడే పరిశోధన పత్రాలు చాలా వస్తుంటాయి, వాటన్నిటి పక్కనా ఈ ఫలితాన్ని పెట్టుకోవాలి.

దానికి రెండేళ్ల ముందు, 1999లో, జర్మనీలోని కాసెల్ విశ్వవిద్యాలయంలో గాసన్, బ్లెడ్‌స్కి అసలైన మెర్సర్ గాఢతకే వెళ్లారు. 25 శాతం కాస్టిక్ సోడా, 20 నిమిషాలు. జనపనార నూలును వదులుగా వదిలేయకుండా, ముడుచుకోనీయకుండా బిగించి పట్టి ముంచారు. నూలు బలం 120 శాతం, బిరుసుతనం 150 శాతం పెరిగాయి. హొరేస్ లో మెరుపు కోసం చేసిన పనే ఇది. ముడుచుకునే అవకాశం లేనప్పుడు లోపలి సెల్యులోజ్ పోగులు నార నిలువు దిక్కుకే సర్దుకుంటాయి, బలం అక్కడి నుంచి వస్తుంది. వస్త్ర పరిశ్రమకు తెలిసిన కిటుకు ప్లాస్టిక్ వాళ్ల దగ్గరకు చేరడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

కార్ల కంపెనీలు అప్పటికే రంగంలో ఉన్నాయి. 1990ల మధ్యలో మెర్సిడెస్ తన ఈ క్లాస్ కార్ల తలుపుల లోపలి పలకలకు చెట్టు నారలు వాడింది. గాజునార సాంద్రత 2.5 ఉంటే ఈ నారలది 1.5 లోపే, ఆ మేరకు కారు బరువు తగ్గుతుంది. పాత కార్లను తిరిగి వాడకానికి పనికొచ్చేలా చేయాలని యూరప్ 2000లో తెచ్చిన నిబంధన కూడా ఊతమిచ్చింది. టయోటా వాడిన కెనాఫ్ మన గోంగూర చుట్టమే. ఒక హద్దు మాత్రం ఎవరూ దాటలేకపోయారు. 200 డిగ్రీల వేడి దాటితే నార మాడడం మొదలవుతుంది. అందుకే 165 డిగ్రీల దగ్గర కరిగే పాలీప్రొపిలీన్‌తో పొత్తు సాగింది, 220 దగ్గర కరిగే నైలాన్ 6తో కష్టమైంది.

తెలుగు నేల మీద ఈ పనిని ఏళ్ల తరబడి నడిపించింది అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోని పాలిమర్ సైన్స్ విభాగం. ప్రొఫెసర్ ఎ. వరదరాజులు, ఆయన విద్యార్థులు మన చుట్టూ ఉండి ఎవరూ పట్టించుకోని చెట్లను ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు అడవుల్లో అరుదుగా మిగిలిన హిల్డెగార్డియా చెట్టు బెరడును నానబెడితే, ఎవరూ నేయకుండానే గుడ్డలా పొరలు పొరలుగా విడివడుతుంది. ఆ సహజమైన గుడ్డను కాస్టిక్ సోడాలో శుద్ధి చేసి రెజిన్‌లలో పరీక్షించారు. తర్వాత తాటిపండు దగ్గరికి వచ్చారు. కాల్చిన తాటిపండు తిన్న ప్రతి ఒక్కరికీ ఆ పీచు తెలుసు, పళ్ల సందుల్లో ఇరుక్కుని ఒక పట్టాన వదలదు. గుజ్జు పిండుకున్నాక ఆ పీచు పెంటకుప్ప మీదికే. దాంట్లోని సన్నటి పీచును అయిదు శాతం సోడాలో వేర్వేరు గంటలు నానబెట్టి చూస్తే, ఎనిమిది గంటల దగ్గర బలం 41 శాతం, బిరుసుతనం 69 శాతం, సాగుదల 40 శాతం పెరిగాయి. ఈ పని చేసిన ఓబిరెడ్డి, ఉమామహేశ్వరి తదితరుల ఫలితాలు 2013లో అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. బిరుసుతనం పెరిగితే సాగుదల తగ్గడం మామూలు. రెండూ కలిసి పెరగడం తాటిపీచులోని ప్రత్యేకత.

ఇంత తెలిసీ మన గోగునార, తాటిపీచు కార్ల కంపెనీ గడప ఎందుకు తొక్కలేదని అడిగితే, కారణం రసాయనంలో లేదు. మొదటి అడ్డంకి నీళ్లు. నానబెట్టిన డికాషన్ రంగు ద్రావణం క్షారంతో నిండి ఉంటుంది, దాన్ని కాలువలోకి వదలలేం. కడగడానికి వాడే నీళ్లు నార బరువుకు ఎన్నో రెట్లు. అనంతపురంలాంటి చోట ఆ నీళ్లెక్కడివి? ఒకే సోడా ద్రావణాన్ని బలం సరిచేసుకుంటూ పలుమార్లు వాడటం, పెక్టిన్‌ను కరిగించే ఎంజైములతో నానబెట్టడం, అసలు నారను ముంచకుండా మెలేయిక్ అన్‌హైడ్రైడ్ మధ్యవర్తిని నేరుగా ప్లాస్టిక్‌లోనే కలపడం, ఇవన్నీ అందుకే నడుస్తున్నాయి. నా మటుకు చివరిదే మన పరిస్థితులకు దగ్గర.

రెండో అడ్డంకి ఇంకా వెనక, చెరువు దగ్గర ఉంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు గోగు కోసి మోపులు కట్టి నీళ్లలో ఊరేస్తారు. నీళ్లు మురికివైతే నార నల్లబడుతుంది. రెండు రోజులు ఆలస్యమైతే సూక్ష్మజీవులు నారనే తినేస్తాయి, తొందరపడితే జిగురు మిగిలిపోతుంది. ఇలా వచ్చిన రెండు మోపుల బలం ఒకటి కాదు. వాటి మీద ఎంత కచ్చితంగా అయిదు శాతం సోడా పోసినా ఫలితాలు రెండు రకాలుగానే వస్తాయి. గాజునార ఆనాడు గెలిచింది ఇక్కడే, ఏ పోగు తీసినా ఒకేలా ఉండటం వల్ల. గోగు ఊరేసే నీళ్లు, రోజుల లెక్క, ఆరబెట్టే పద్ధతి, మోపుకు నాణ్యత గుర్తు వంటి పనులకు విశ్వవిద్యాలయంలోని లాగే యంత్రమంత ఖర్చు కూడా కాదు. వాటికి పూనుకోవలసింది రైతు సంఘాలు, జనపనార మిల్లులు, వ్యవసాయ శాఖ.